లేని సరుకు దొంగతనం

అది 1968. విజయనగరం ఊరి చివర, కలకత్తా యజమానుల జనపనార మిల్లులో నేను కీ పంచ్ ఆపరేటర్‌గా చేరి అప్పటికి ఏడాది దాటింది. మాది శ్రీకాకుళం అవతల మిషన్ కాంపౌండు. టైపు పాసయ్యానని, ఇంగ్లీషు అంకెలూ అక్షరాలూ తడుముకోకుండా చదువుతానని ఉద్యోగం ఇచ్చారు. మిల్లుకి కొత్తగా మెషీన్లు వచ్చాయి. అందరూ వాటిని కంప్యూటర్ అనేవారు. అసలు కంప్యూటర్ అంటే అది కాదని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. బజార్లో ఎవరైనా "కంప్యూటర్ సువార్తమ్మ" అంటే మాత్రం ఆ రోజంతా నా నడకే వేరుగా ఉండేది.

ఆ పని తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. స్టోర్ నుంచో మగ్గాల షెడ్డు నుంచో చీటీ వస్తుంది. అందులోని అంకెల్ని మేము కీ పంచ్ అనే మెషీన్ మీద కొడితే, పోస్టుకార్డు కన్నా పొడుగాటి అట్టకార్డు మీద చిల్లులు పడతాయి. పక్క సీటు అమ్మాయి అదే చీటీ చూసి వెరిఫయర్ అనే ఇంకో మెషీన్ మీద మళ్ళీ కొడుతుంది. రెండూ ఒకటి కాకపోతే ఎర్రదీపం వెలుగుతుంది. ఆ తర్వాత కార్డులు లోపలి గదిలోకి వెళ్తాయి. సార్టర్ వాటిని వరస పెడుతుంది, ట్యాబ్యులేటర్ కూడి కాగితం మీద అచ్చు వేస్తుంది. చీటీలో తప్పుంటే ఆ తప్పే అచ్చవుతుంది, కాకపోతే చాలా శుభ్రంగా అచ్చవుతుంది.

లోపలి గదికి ఏసీ. మనుషులకి కాదు, మెషీన్లకి. సముద్రపు గాలికి కార్డులు ఉబ్బి ఇరుక్కుంటాయని పెట్టారు. పంచ్ చేసే మాకు బయట వరండాలాంటి గదిలో గోలచేసే ఫ్యానొకటి. మా చేతి చెమటకి కార్డు తడిస్తే చీవాట్లు మాకే. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు విప్పాలి. మా డి.పి. మేనేజర్ ఘోష్ గారు మాత్రం బూట్లతోనే వెళ్ళేవారు, ఆయన దుమ్ము కలకత్తా దుమ్ము కాబోలు. డి.పి. అంటే డేటా ప్రాసెసింగ్. ఎండాకాలం వచ్చిందంటే మిల్లులో ప్రతి ఆఫీసరుకీ మెషీన్ మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చేది. మధ్యాహ్నం భోజనం కాగానే ఒక్కొక్కరే వచ్చి ట్యాబ్యులేటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు, గుళ్ళో నిలబడ్డట్టు. ఒకాయనైతే నిలబడే కునుకు తీసేవాడు.

ఆ గదిలో ఎవరి పని వాళ్ళకి గీత గీసి ఉండేది. మేము కొట్టాలి, చదివి అర్థం చేసుకోకూడదు. "మిస్ సువార్తా, కనిపించింది కొట్టండి. ఆలోచన మీ జీతంలో లేదు" అనేవారు ఘోష్ గారు, అదీ నవ్వుతూ. మెషీన్ ఆపరేటర్ గౌరీశంకర్ విశాఖపట్నం కుర్రాడు, లోపల నడిపేవాడు. అతను కార్డులు వేస్తాడు, కార్డులో ఏముందో అతనికి అక్కర్లేదు. ఘోష్ గారు ఫలితం మీద సంతకం చేసి జనరల్ మేనేజర్‌కి పంపుతారు, ఫలితం ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకి అక్కర్లేదు. జనరల్ మేనేజర్ దాన్ని కలకత్తా పంపుతాడు. ఎవరేం అడిగినా అందరి నోటా ఒకటే మాట, "మెషీన్ అలా చెప్పింది."

ఒక నెల స్టోర్ నివేదికలో బకెట్లు మైనస్‌లో వచ్చాయి. కొన్న చీటీ మాకు చేరకముందే వాడిన చీటీ చేరింది, అంతకుమించి ఏమీ లేదు. జనరల్ మేనేజర్ మాత్రం స్టోర్ కీపర్‌ని పిలిపించి, ఆ మైనస్ బకెట్లు ఎక్కడ పెట్టావో చూపించమన్నాడు. ఆ స్టోర్ కీపరే సింహాచలం గారు.

ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. గరివిడి దగ్గర పల్లె ఆయనది, రైతు కుటుంబం. మిల్లులో చిన్న కూలీగా చేరి స్టోర్ కీపర్ దాకా వచ్చాడు. మగ్గాలకి వాడే షటిళ్ళు, బాబిన్లు, బెల్టులు, బేరింగులు, నూనె డబ్బాలు, అన్నీ ఆయన అధీనంలోనే. బకెట్ల సంగతి నా దగ్గరికొచ్చి చెప్పాడు.

"ఏటమ్మా సువార్తమ్మా, మైనస్ బకెట్టంటే ఎలగుంటాది? అడుగు లేకండా ఉంటాదేటి?" అన్నాడు. మేమిద్దరం పడీపడీ నవ్వుకున్నాం. అంత నవ్వు మళ్ళీ నవ్వలేదు.

అసలు గొడవ బాబిన్లతో మొదలైంది. బాబిన్ అంటే నూలు చుట్టే కర్ర కండె. కలకత్తా నుంచి వచ్చేటప్పుడు వాటిని విడివిడిగా లెక్కపెట్టి రాస్తారు. స్టోర్ నుంచి షెడ్డుకి ఇచ్చేటప్పుడు మాత్రం మన ఇటువైపు లెక్క. కూలివాళ్ళు ఒక్కో చేత్తో రెండేసి తీసి తట్టలో వేస్తారు. రెండు చేతులూ కలిసి నాలుగు, అది ఒక పుంజీ. కొబ్బరికాయలైనా అంతే, కళింగపట్నం రేవులో చేపలైనా అంతే. షెడ్డు సర్దారు, అంటే అక్కడి కూలీల మేస్త్రీ, చీటీ మీద ఇరవై అని రాశాడంటే ఇరవై పుంజీలని అర్థం. మిల్లు పుట్టినప్పటినుంచీ అదే వాడుక. రాసేవాడికీ ఇచ్చేవాడికీ తెలుసు. మెషీన్‌కి ఎవరూ చెప్పలేదు.

మెషీన్ ఇరవై తీసేస్తే స్టోర్లోంచి ఎనభై వెళ్ళేవి. చీటీ చీటీకీ మెషీన్ లెక్కలో బాబిన్లు మిగిలిపోతూ వచ్చాయి. సింహాచలం బాబాయ్ తన లెక్క చూసి నా దగ్గరికొచ్చాడు.

"తల్లీ, మీ మిషన్ల బాబిన్లు పిల్లలెడతన్నాయి. మా అటక మీద అన్ని లేవు. అది పుంజీల లెక్కమ్మా, ఒకటంటే నాలుగు. మీ బాబుగారికి సెప్పు."

నేను వెళ్ళి ఘోష్ గారికి చెప్పాను. చీటీ మీద బాబిన్లున్న చోట నాలుగుతో గుణించి కొడితే సరిపోతుందని కూడా చెప్పాను. ఘోష్ గారు పైపు పక్కన పెట్టి శ్రద్ధగానే విన్నారు.

"మా ఊళ్ళో కూడా చేపల బజారులో నాలుగేసి లెక్కపెడతారు, దాన్ని గండా అంటాం" అన్నారు. "అది బజారు. ఇది ఆఫీసు. చీటీలో ఉన్న అంకె మార్చే అధికారం పంచ్ ఆపరేటర్‌కి లేదు."

"మరి చీటీ సరిగ్గా రాయమని షెడ్డుకి చెప్పండి సార్."

"షెడ్డు నా కింద లేదు."

షెడ్డు సర్దారు, లెక్క మార్చమని కాగితం వస్తే మారుస్తానన్నాడు. ఆ కాగితం రాయాల్సింది స్టోర్ ఆఫీసరు. డి.పి. అడగనిదే ఎలా రాస్తానన్నాడాయన. విసిగిపోయి సింహాచలం బాబాయే ప్రతి చీటీ మీదా ఎర్ర పెన్సిల్‌తో అసలు సంఖ్య వేసి పంపడం మొదలుపెట్టాడు. దిద్దుబాట్లున్న చీటీలు తీసుకోకూడదని రూలుందంటూ ఘోష్ గారు వాటిని వెనక్కి తిప్పికొట్టారు. శుభ్రమైన తప్పు చీటీలు రాయించుకుని తీసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదెక్కడి రూలని ఆయన మొహమ్మీదే అడిగాను కూడా. ఆ నెల నాకు సెలవు దొరకలేదు.

ఇంతలో కలకత్తా నుంచి తాఖీదు వచ్చింది. స్టోర్ సరుకంతా మెషీన్ మీదికి ఎక్కించాలి, ఫలానా తారీకుకల్లా రెండు లెక్కలూ కలవాలి. దీన్ని కంట్రోల్ టోటల్ అంటారు. బాబిన్లూ బకెట్లూ నూనె డబ్బాలూ అన్నీ కలిపి కూడితే ఒక అంకె వస్తుంది. దానికి అర్థం ఏమీ లేదు, రెండు చోట్లా ఒకటే వచ్చిందా అని సరిచూసుకోడానికే. స్టోర్ అంకె ఒకటి, మెషీన్ అంకె ఇంకొకటి. తేడా పెద్దదే.

కలవకపోతే ఘోష్ గారి పరువు పోతుంది. అన్నీ మళ్ళీ లెక్కపెట్టడానికి ఆయనకి వ్యవధి లేదు, ఇష్టమూ లేదు. అప్పుడాయన ఒక ఉపాయం చేశారు. బాబిన్ల దగ్గర స్టోర్ చెప్పిన అంకె వేయించి, మెషీన్‌లో మిగిలిపోయిన ఎక్కువనంతా ఒక కొత్త సరుకు పేరు మీదికి మార్పించారు. ప్రతి సరుకుకీ ఒక కోడ్ నంబరు ఉంటుంది. దీనికి అన్నీ తొమ్మిదులే ఇచ్చారు. పేరు "ఇతరములు". రెండు చోట్లా టోటల్ ఒకటే రావాలంటే స్టోర్ లెక్కలో కూడా ఆ సరుకు ఉన్నట్టు సింహాచలం బాబాయ్ సంతకం పెట్టాలి.

ఆయన్ని మా గదికే పిలిపించారు. బాబాయ్ ఒక్కో వరస మీదా వేలు పెట్టి చూసుకుంటూ కాగితం ఆఖరుదాకా వచ్చాడు.

"బాబూ, యీ ఇతరములు ఏ అటక మీదున్నాయండి? నాను సూణ్ణేదు."

"అది లెక్క కోసం పెట్టింది, సింహాచలం. నిజం సరుకు కాదు. రెండు నెలల్లో తీసేస్తాం" అని ఘోష్ గారు ఇంగ్లీషులో చెప్పారు, గౌరీశంకర్ తెలుగులో చెప్పాడు.

"నిజం సరుకు కాకపోతే మరి నా సంతకం ఎందుకు బాబూ?"

"స్టోర్ కీపర్ సంతకం లేనిదే స్టోర్ లెక్క కాదు కదా."

నేను అక్కడే ఉన్నాను. "బాబాయ్, పెట్టొద్దు" అన్నాను గట్టిగానే. ఘోష్ గారు నా వైపు చూడకుండా, "మిస్ సువార్తా, మీ కార్డులు అయిపోయాయా?" అన్నారు. బాబాయ్ నన్ను చూసి కళ్ళతోనే ఊరుకోమన్నాడు. పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే కాదనడం ఆయనకి చేతకాదు. "బాబుగారు తీసేస్తానన్నారు గదమ్మా" అంటూ సంతకం పెట్టాడు.

టోటల్ కలిసింది. కలకత్తాకి టెలిగ్రాం వెళ్ళింది.

రెండు నెలల్లో తీసేయలేదు సరిగదా, ప్రతి నెలా ఆ తొమ్మిదుల కోడ్‌లోకి కొత్త తేడాలు వచ్చి చేరాయి. షెడ్డువాళ్ళు పుంజీలు రాస్తూనే ఉన్నారు, మేము కొడుతూనే ఉన్నాం, మిగిలింది ఇతరముల్లోకి పోతూనే ఉంది. చివరికి మిల్లు స్టోర్లో అన్నిటికన్నా ఎక్కువ నిల్వ ఉన్న సరుకు అదే అయింది. నెలవారీ మీటింగులో జనరల్ మేనేజర్ ఆ వరస చూసి, "ఇంత నిల్వ ఉంటే కొత్తగా కొనకండి" అని ఆర్డరు కూడా వేశాడట. అసలు అదేమిటో, దేనికి పనికొస్తుందో ఒక్కరూ అడగలేదు. ఏమీ తెలియనట్టు కనిపిస్తే ఉద్యోగానికి చేటని ఎవరి భయం వాళ్ళది.

ఏడాది చివర కలకత్తా నుంచి ఆడిటర్లు వచ్చారు. ఫిజికల్ వెరిఫికేషన్ అంటే అచ్చు కాగితం పట్టుకుని అటక అటకా తిరిగి, రాసినంత సరుకు ఉందో లేదో కళ్ళతో చూడడం. సింహాచలం బాబాయ్ స్టోర్ ఎలా ఉండేదంటే, చీకట్లో చెయ్యిపెట్టినా కావలసిన బేరింగు చేతికి తగిలేది. ఒక్క షటిల్ తక్కువ రాలేదు, ఒక్క నూనె డబ్బా ఎక్కువ లేదు. ఆఖరి వరస దగ్గరికి వచ్చారు. ఇతరములు చూపించమన్నారు.

"అది లేదండి బాబూ" అన్నాడు బాబాయ్.

"ఉందని సంతకం పెట్టావు."

"ఉన్నాదని కాదండి, లెక్క కోసమని డి.పి. బాబుగారు పెట్టమన్నారండి."

ఘోష్ గారు ఆ రోజు మిల్లులో లేరు. ఆడిటర్ల పని కాగితంలో ఉన్నది అటక మీద ఉందా అని చూడడం వరకే. లేదని రాశారు. వాళ్ళ భాషలో దాన్ని షార్టేజ్ అంటారు. మిల్లు భాషలో దొంగతనం అంటారు. ఆ వారంలోనే సింహాచలం బాబాయ్‌ని సస్పెండ్ చేసి ఛార్జిషీటు ఇచ్చారు. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది. దానికన్నా ముందు పేరు పోతుంది. ఆయన బాధంతా రెండోదాని గురించే.

నేనూ బాబాయ్ కూలీల యూనియన్‌కి వెళ్ళాం. స్టోర్ కీపర్ ఆఫీసు స్టాఫు, మా వాడు కాదన్నారు. ఆఫీసు స్టాఫు సంఘానికి వెళ్తే, కూలీ నుంచి వచ్చినవాడు కదా, యూనియన్‌నే అడగమన్నారు.

విచారణ లేబర్ ఆఫీసరు గదిలో జరిగింది. మొదట గౌరీశంకర్ని పిలిచారు. పాపం మంచివాడే, కొత్తగా పెళ్ళయింది, ఉద్యోగం కొత్త. ఇచ్చిన కార్డులు ఇచ్చినట్టు నడిపానన్నాడు. అది నిజమే. తర్వాత ఘోష్ గారు చెప్పారు. మెషీన్ తనంతట తాను సరుకు సృష్టించలేదు, అందులో వేసిందే బయటికొస్తుంది, నిల్వ ఉందని చెప్పి సంతకం పెట్టింది స్టోర్ కీపర్ అన్నారు. అదీ నిజమే. అబద్ధం ఎక్కడుందో వేలెత్తి చూపలేకపోయాను.

నా వంతు వచ్చింది.

"ఈ తొమ్మిదుల కార్డు మీరే పంచ్ చేశారా?" అని అడిగాడు లేబర్ ఆఫీసరు.

"చేశాను. ఘోష్ గారు ఇచ్చిన కాగితం చూసి చేశాను. అది సరుకు కాదు సార్, బాబిన్ల లెక్కలో తేడా. ఒక పుంజీకి నాలుగు."

"నేనడిగింది పంచ్ చేశారా లేదా అని."

"చేశాననే చెబుతున్నాను. ఎందుకు చేయాల్సి వచ్చిందో కూడా వినండి."

"మీరు పంచ్ ఆపరేటర్. స్టోర్లో సరుకు ఉందో లేదో చెప్పే హోదా మీకు లేదు."

"హోదా లేకపోయినా కళ్ళున్నాయి కదా సార్" అన్నాను. ఆ తర్వాత మాట్లాడినదేదీ ఆయన రాయించలేదు. బయటికి పంపేశారు. తలుపు మూయలేదు, కనుక మిగిలింది గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

చివరగా సింహాచలం బాబాయ్‌ని అడిగారు, ఏమైనా చెప్పుకుంటావా అని. ఆయన లేచి నిలబడ్డాడు.

"పోనాది ఏటో సెప్పండి బాబూ. ఇనపదా, కర్రదా, తోలుదా. ఎంత లావుంటాది, ఎంత పొడుగుంటాది. అదేటో తెలిస్తే నాను ఊరూరా తిరిగి ఎతికి తెస్తాను. లేపోతే నా ఎడ్లమ్మి కొనిస్తాను."

లేబర్ ఆఫీసరు కాగితం తిప్పి, "ఇతరములు" అని చదివాడు.

బాబాయ్ ఉద్యోగం తీసేశారు. పోలీసులకి అప్పగించకుండా వదిలేయడం దయగా చెప్పుకున్నారు. ఆ మరుసటి నెల, దొంగతనం కింద పోయిన సరుకు కాబట్టి తొమ్మిదుల కోడ్‌ని లెక్కల్లోంచి కొట్టేశారు. దాన్ని రైటాఫ్ అంటారు. ఆ నెలే ట్యాబ్యులేటర్ మీద కంట్రోల్ టోటల్ మొట్టమొదటిసారి ఏ ఉపాయమూ లేకుండా కలిసింది. పుంజీల సంగతి కూడా అప్పుడే తేలింది. కొత్త స్టోర్ కీపర్ ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే షెడ్డుకి కాగితం వెళ్ళింది, విడి లెక్క వచ్చింది, ఒక్క రోజులో పనైపోయింది. కలకత్తా వాళ్ళు మెచ్చుకుంటూ టెలిగ్రాం పంపారు. ఘోష్ గారికి ప్రమోషన్ వచ్చి వెళ్ళిపోతూ మా గదికి స్వీట్లు పంచారు. నా వంతు నేను తీసుకోలేదు. "మిస్ సువార్తకి తీపి పడదు" అన్నారాయన. ఆయన్ని చెడ్డవాడు అనుకోడానికి కూడా నాకు వీల్లేకుండా పోయింది, అంత మర్యాదగా వెళ్ళారు.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి బాబాయ్ ఊరు వెళ్ళాను. అరుగు మీద కూర్చుని గోగునార పేనుతున్నాడు. మనిషి సగమయ్యాడు. పిన్ని మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది, నాతో మాట్లాడలేదు. నేను మిల్లు మనిషిని కదా.

"ఊళ్ళో ఏటంతన్నారో తెల్సా తల్లీ" అన్నాడు బాబాయ్. "అంత సరుకు పట్టుకొచ్చినోడు ఎక్కడ దాసాడో అంతన్నారు. మా బావైతే రెండు దఫాలొచ్చి గడ్డివాము కెలికాడు. దొరికితే తనకీ వాటా ఇమ్మంతన్నాడు."

నేను నవ్వలేకపోయాను. ఆయనా నవ్వలేదు.

"నువ్వు ఆ మిషన్ దగ్గిరుంటావు కదమ్మా. ఒక్క మాట సెప్పు. దొంగన్నారు, సరే. ఏటి దొంగిలించానంతారు? దాని పేరొకటి తెలిస్తే నాను సేయనేదని ఒట్టేసైనా సెప్పుకుంతాను. పేరు నేని దానిమీద ఎలగ ఒట్టేసుకునేది?"

తొమ్మిదులు చెప్పనా, ఇతరములు చెప్పనా. ఆయన చేతిలో తాడు అలాగే ఉండిపోయింది, జవాబు కోసం చూస్తున్నాడు. "తెలీదు బాబాయ్" అన్నాను. ఏడుపు ఆగక, చీకటి పడుతుందని చెప్పి లేచొచ్చేశాను.

తర్వాత నేను చాలా మెషీన్ల మీద పనిచేశాను, అసలైన కంప్యూటర్ల మీద కూడా. ప్రతి ఆఫీసులోనూ ఎక్కడో ఒకచోట ఇతరములు అనే వరస ఉంటుంది. నా ముందుకి అలాంటిది వచ్చినప్పుడల్లా, దీని కింద ఏముంది, ఎవరి సంతకంతో ఉంది అని అడిగేదాన్ని. చెప్పేదాకా కొట్టేదాన్ని కాదు. గయ్యాళి అని పేరొచ్చింది, వచ్చిందని నేనేమీ బాధపడలేదు. ఆ కేసు నాకు నేర్పింది అదొక్కటే. మా మిల్లు ఆఫీసులో ఆ ఏడాది ఎవరూ గీత దాటలేదు, ఎవరి పని వాళ్ళు తప్పు లేకుండా చేశారు. సింహాచలం బాబాయ్‌ని చనిపోయేదాకా ఆ ఊళ్ళో దొంగ సింహాచలం అనే పిలిచారు.